ఇంకో చిన్న సర్వీసును నమ్మి గుంపునంతా తీసుకెళ్లమంటారా?

చుక్కలదారి · శనివారం, ఉదయం 7:10

నమస్కారం అండీ. రాత్రిళ్లు ఆకాశం చూసే అలవాటున్న 43 మందిమి ఒక గుంపుగా ఉన్నాం. ఎవరు ఏం చూశారో రాసుకోవడం, ఫోటో తీస్తే పెట్టడం, తెలియనిది అడగడం, ఇదే మా పని. నాలుగేళ్లుగా ఇదంతా ఒక చిన్న కంపెనీ నడిపిన వెబ్ చాట్‌లో సాగింది. బ్రౌజర్ తెరిస్తే చాలు. యాప్ అక్కర్లేదు, ఫోన్ నంబర్ అడగదు. పోయిన నెల వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, 30 రోజుల్లో మూసేస్తున్నాం, మీ డేటా దించుకోండి అని.

దించుకున్నాను. తర్వాత ఆ ఫైల్ తెరిచి చూస్తే మాటలున్నాయి గానీ ఫోటోలు లేవు. ఫోటో ఉండాల్సిన చోటల్లా ఒక లింకు ఉంది. గడువు ముగిసిన మర్నాటి నుంచి ఆ లింకులు తెరుచుకోవడం లేదు. మాలో ఒకావిడ మూడేళ్లపాటు మీరా నక్షత్రాన్ని గమనిస్తూ వచ్చారు. అది దాదాపు 11 నెలలకోసారి కంటికి కనిపించేంత వెలిగి, మళ్లీ మాయమవుతుంది. ఆవిడ గీసిన గ్రాఫులన్నీ బొమ్మలుగానే పెట్టారు. ఇప్పుడు అవి లేవు. మెయిల్ చదివింది నేను, ఫైల్ దించింది నేను, గడువులోపల తెరిచి సరిచూసుకోనిదీ నేనే. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఇప్పుడు మళ్లీ ఎక్కడికో వెళ్లాలి. సగం మంది అందరి ఫోన్లలో ఉన్న పెద్ద యాప్‌లోకే పోదాం అంటున్నారు. ఆరేడుగురు మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్లకి నంబర్ కనిపించడం ఇష్టం లేదన్నారు. అందులో ఆడవాళ్లే ఎక్కువ, వాళ్ల మాట తీసిపారేయలేను. నేను చూస్తున్నవి రెండు కొత్త వెబ్ సర్వీసులు. ఒకదాన్ని ముగ్గురే నడుపుతున్నారు. రెండోదానికి పెట్టుబడి వచ్చిందట, మనుషులు కూడా ఎక్కువే ఉన్నారు. వాడి చూస్తే రెండూ హాయిగానే ఉన్నాయి. కానీ చెయ్యి కాలినవాణ్ణి కదా. చిన్నవాళ్లని మళ్లీ నమ్మొచ్చా? నమ్మే ముందు ఏం అడగాలి?

పాతకాపు · శనివారం, ఉదయం 9:02

చుక్కలదారి గారూ, మీ బాధ నాకు తెలుసు. ఇలా మూతపడినవాటిలో చాలావాటిని నేను వాడాను.

మీబో అని ఉండేది, 2005లో వచ్చింది. ఆఫీసు కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని రోజుల్లో ఒకే వెబ్ పేజీలో ఏఓఎల్, యాహూ, ఎంఎస్ఎన్ చాట్లన్నీ తెరుచుకునేవి. అది నాకు అద్భుతంగా తోచింది. 2012 జూన్‌లో గూగుల్ ఆ కంపెనీని కొన్నది, జులైలో మెసెంజర్ మూతపడింది. జైకూ అని ఫిన్లాండ్ వాళ్లది ఒకటి ఉండేది, ట్విట్టర్‌కి దీటుగా. దాన్ని 2007లో గూగులే కొన్నది, 2012 జనవరిలో ఆపేసింది. పౌన్స్ 2007 జూన్‌లో మొదలైంది. చిన్న సందేశాలతోపాటు ఫైళ్లు కూడా పంపుకోవచ్చు. 2008 డిసెంబర్ మొదట్లో సిక్స్ అపార్ట్ దాన్ని కొన్నది, అదే నెల 15న ఆగిపోయింది. రెండు వారాల గడువు, అంతే.

వీటిలో నాకు బాగా దగ్గరైనది ఫ్రెండ్‌ఫీడ్. గూగుల్ నుంచి బయటికొచ్చిన నలుగురు 2007లో పెట్టారు, అందులో జీమెయిల్ సృష్టికర్త పాల్ బుక్‌హైట్ ఒకరు. ఎవరైనా ఏదైనా పంచుకుంటే దాని కిందే అప్పటికప్పుడు మాటలు కదులుతుండేవి. నచ్చితే 'లైక్' కొట్టడం నాకు అక్కడే అలవాటైంది. 2009 ఆగస్టులో ఫేస్‌బుక్ కొన్నది. తర్వాత కొత్తది ఏదీ చేర్చలేదు, పాతది తీయలేదు. 2015 ఏప్రిల్‌లో దీపం ఆర్పారు. ఆ ఐదారేళ్లూ అక్కడే మిగిలిపోయిన కొద్దిమందిలో నేనొకణ్ణి.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఇవేవీ చిన్నవి కావడం వల్ల చావలేదు, అమ్ముడుపోయాక చచ్చాయి. కొన్నవాళ్లకి కావాల్సింది ఆ ఇంజినీర్లు, మన కబుర్లు కావు. కాబట్టి పెట్టుబడి వచ్చిన రెండోదే గట్టిదని అనుకోకండి. పెట్టుబడి పెట్టినవాళ్లు ఏదో ఒకరోజు డబ్బు తిరిగి రాబట్టుకోవాలి, అందుకు అమ్మడం ఒక దారి.

నిదానం · శనివారం, ఉదయం 10:25

నేను ఒప్పుకోను పాతకాపు గారూ. మీరు సర్వీసుల గురించి చెబుతున్నారు, నేను మనుషుల గురించి చెబుతాను.

మా బంధువుల గుంపును, చదువుకున్నప్పటి స్నేహితుల గుంపును కలిపి మూడుసార్లు మార్చాను. మార్చిన ప్రతిసారీ కొందరు వెనకబడ్డారు. ఎవరికీ కోపం లేదు, వ్యతిరేకత లేదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, కొత్త చోట ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి, 'రేపు చూద్దాం' అనుకుంటారు. ఆ రేపు రాదు. మొదటి నెల పలకనివాళ్లు తర్వాత కూడా పలకలేదు. గుంపులో పెద్దగా మాట్లాడకపోయినా రోజూ చదివే మనుషులు కొందరుంటారు కదా, ముందు పోయేది వాళ్లే. వాళ్లు పోయినట్టు కూడా మనకి తెలియదు.

అందరి ఫోన్లో ఉన్నదాన్లో ఉంటే ఆ కష్టం లేదు. ఫోన్ నంబర్ సంగతి నిజమే, నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఆరుగురి కోసం ముప్పై ఏడు మందిని కొత్త గుమ్మం ఎక్కించడం సరేనా?

చుక్కలదారి · శనివారం, ఉదయం 10:51

నిదానం గారూ, ఆ ఆరుగురిలో నలుగురు మా గుంపులో అందరికంటే ఎక్కువ గమనించేవాళ్లు. లెక్క తలకాయలతో తేలేది కాదు ఇక్కడ.

పాతకాపు · శనివారం, ఉదయం 11:30

పెద్దవి మూతపడవని కూడా అనుకోకండి. ఆర్కుట్ గూగుల్‌ది, 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబర్‌లో పోయింది. 1996లో పుట్టిన ఐసీక్యూ 2024 జూన్‌లో ఆగింది. చిన్న కంపెనీకి పూట గడవక మూస్తారు, పెద్ద కంపెనీకి మనసు మారి మూస్తారు.

తెరవెనుక · శనివారం, మధ్యాహ్నం 2:15

నేను సర్వర్ల పని చేస్తాను. ముగ్గురు మనుషులు ఒక చాట్ సర్వీసు నడపగలరా అన్న అనుమానం మీకు ఉండే ఉంటుంది కాబట్టి అది చెబుతాను.

బ్రౌజర్ అడిగితేనే సర్వర్ జవాబిచ్చేలా వెబ్ పుట్టింది. చాట్‌కి అది పనికిరాదు. మొదట్లో పేజీ కొన్ని సెకన్లకోసారి 'కొత్తదేమైనా ఉందా' అని తలుపు తట్టేది. తర్వాత అడిగినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, సందేశం రాగానే చేతిలో పెట్టి పంపే పద్ధతి వచ్చింది. 2011 డిసెంబర్‌లో వెబ్‌సాకెట్ ప్రమాణం ఖాయమయ్యాక తలుపు తీసే ఉంచడం కుదిరింది. ఇవాళ ఇద్దరు ఇంజినీర్లు కొన్ని వారాల్లో నడిచే చాట్ కట్టగలరు. సర్వర్ మీద పడే భారం కూడా అంత భయపడేది కాదు. ఒక్కో సర్వర్ మీద 20 లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టామని వాట్సాప్ ఇంజినీర్లు 2012లోనే రాశారు. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించేనాటికి వాట్సాప్‌లో పనిచేసేవాళ్లు 50 మంది పైచిలుకు, వాడేవాళ్లు 45 కోట్ల మంది. కాబట్టి ముగ్గురున్నారు అన్నది దానికదే లోపం కాదు.

కష్టం వేరేచోట ఉంది. వెబ్ సర్వీసుకి ఫోన్లో నోటిఫికేషన్ రావాలి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో అది 2015 నుంచి ఉంది. ఐఫోన్‌లో 2023 మార్చిలో ఐఓఎస్ 16.4తో గానీ రాలేదు, అదీ ఆ సైట్‌ను హోమ్ స్క్రీన్ మీదికి చేర్చుకుంటేనే. ఈ ఒక్క మెట్టు దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆగినవాళ్లకి సందేశం వచ్చినట్టే తెలియదు, గుంపు నిద్రపోయిందనుకుంటారు. నిదానం గారు చెప్పిన 'రేపు చూద్దాం' వెనక సగం కథ ఇదే అని నా నమ్మకం. మీ సభ్యుల్లో ఐఫోన్ వాళ్లెంతమందో చూసుకుని, ఆ మెట్టు మీరే దగ్గరుండి ఎక్కించండి.

ఉడతసాయం · శనివారం, రాత్రి 9:40

ఇలాంటి చర్చల్లో నేను మామూలుగా చదివి వెళ్లిపోతాను. ఈసారి మాట్లాడాలనిపించింది. మూతపడిన ఒక చిన్న మెసేజింగ్ కంపెనీలో నేను పనిచేశాను. ఐదుగురం. పేరు చెప్పను.

బయటివాళ్లు అనుకునేట్టు మమ్మల్ని సర్వర్ల ఖర్చు ముంచలేదు. ముందు ఓటీపీలు తిన్నాయి. ఫోన్ నంబర్‌తో లాగిన్ పెట్టాం, ప్రతి ఓటీపీకీ ఒక ఎస్సెమ్మెస్ డబ్బు. ఒక రాత్రి ఎవరో బాట్లతో వేల నంబర్లకు ఓటీపీలు అడిగించారు. ఎస్సెమ్మెస్ చేరిన దారిలో ఎవరికో వాటా ముడుతుందట, అదొక వ్యాపారం. తెల్లారేసరికి మా మూడు నెలల ఎస్సెమ్మెస్ బడ్జెట్ పోయింది. ఎస్సెమ్మెస్ భారం అంటే చిన్న సంగతి కాదండీ. ట్విట్టర్ కూడా 2008లో కొన్ని దేశాల్లో ఫోన్లకి ట్వీట్లు పంపడం ఖర్చు భరించలేకే ఆపేసింది.

తర్వాత ఫోటోలు. మాట చాలా చిన్నది, దాన్ని దాచడానికి ఖర్చే కాదు. ఫోటో, వీడియో అలా కాదు. ఒకసారి పెట్టినదాన్ని ఎప్పటికీ ఉంచాలి, ప్రతి నెలా అద్దె కట్టాలి. చుక్కలదారి గారి ఫైల్‌లో మాటలుండి ఫోటోలు లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు, సిగ్గు కలిగించింది. మేమూ మొదట అలాంటి ఎక్స్‌పోర్టే తయారుచేశాం. ఫోటోలు కలిపి ఇస్తే అందరివీ ఒక్కసారి బయటికి పంపాలి, ఆ ఖర్చుకి డబ్బు లేదు. మాలో ఒకమ్మాయి ఒప్పుకోలేదు. 'వాళ్ల పిల్లల ఫోటోలున్నాయి అందులో' అంది. ఆఖరి నెల జీతాల్లో కొంత తగ్గించుకుని ఫోటోలతో సహా ఇచ్చాం. నా ఉద్యోగ జీవితంలో సరిగ్గా చేశామని అనుకునే పనుల్లో అది ఒకటి.

అసలు దెబ్బ మాత్రం మూడోది. పిచ్చి ఖాతాలు, బూతు సందేశాలు, ఆడపిల్లల వెంటపడేవాళ్లు. ఫిర్యాదు రాత్రి రెండింటికి వస్తుంది. ఐదుగురిలో ఎవరో ఒకరు లేచి చూడాలి. ఆ ఫోటోలు చూసినవాడికి ఆ తర్వాత నిద్ర పట్టదు. ఏడాదిన్నరలో ఇద్దరు మానేశారు, డబ్బు కోసం కాదు. మిగిలిన ముగ్గురం కూర్చుని మూసేద్దామనుకున్నాం.

అందుకని, మీరు చూస్తున్న ముగ్గురిని 'మీ దగ్గర ఎన్ని ఫీచర్లున్నాయి' అని అడగకండి. రాత్రి ఫిర్యాదు వస్తే ఎవరు చూస్తారని అడగండి. జవాబు తడుముకోకుండా వచ్చిందంటే వాళ్లు ఆ రాత్రులు చూసినవాళ్లు.

నిదానం · ఆదివారం, ఉదయం 6:55

ఉడతసాయం గారూ, పొద్దున్నే చదివాను. చెప్పినందుకు థాంక్స్. అవతలివైపు ఇలా ఉంటుందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

అక్షరపిట్ట · ఆదివారం, ఉదయం 8:30

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఎత్తుతాను. ఆ సర్వీసులో తెలుగు నడుస్తుందా లేదా? కనిపించడం గురించి కాదు, అది ఇప్పుడు అన్నిట్లో కనిపిస్తుంది. వెతకడం గురించి.

'సాఫ్ట్‌వేర్' అని కొందరు మధ్యలో కంటికి కనిపించని జడ్-డబ్ల్యూ-ఎన్-జే గుర్తు పెట్టి రాస్తారు, కొందరు పెట్టకుండా 'సాఫ్ట్వేర్' అని రాస్తారు. మనిషికి రెండూ ఒకటే. వెతుకుడు యంత్రానికి వేర్వేరు పదాలు. ఆ గుర్తును పట్టించుకోకుండా వెతకాలన్న ఎరుక సర్వీసు రాసినవాళ్లకి లేకపోతే మీ పాత సందేశాల్లో సగం దొరకవు. మనకి విభక్తులు కూడా పదానికి అంటుకుని వస్తాయి. 'నక్షత్రం' అని వెతికితే 'నక్షత్రాల' దొరకాలి కదా? చాలా చోట్ల దొరకదు. 'నక్షత్ర' అని కోసి వెతికితే కొన్నిట్లో వస్తుంది, కొన్నిట్లో అదీ రాదు.

అక్షరాల లెక్క ఇంకొకటి. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు. పైగా ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్‌కి 160 పడితే తెలుగుకి 70 గుర్తులే పడతాయి. ట్విట్టర్‌లో మొదట ఉన్న 140 అక్షరాల పరిమితి కూడా ఆ 160 నుంచే వచ్చింది, పేరు కోసం 20 పక్కన పెట్టి. కొత్త సర్వీసులు నోటిఫికేషన్‌లో సందేశాన్ని కత్తిరించేటప్పుడు ఇలా ఆరు ముక్కల మధ్యలో ఎక్కడో కోసేస్తాయి. 'స్త్రీ' కాస్తా 'స్' అయి కూర్చుంటుంది. నేను ఏ కొత్త సర్వీసు చూసినా మొదట ఒక పెద్ద తెలుగు సందేశం పంపుకుని, ఫోన్లో నోటిఫికేషన్ ఎలా వచ్చిందో చూస్తాను. తర్వాత అందులో ఒక మాటను వెతుకుతాను. రెండు నిమిషాల పని.

ఇందులో చిన్న కంపెనీలతో నాకు మంచి అనుభవమే ఉంది. ఒక చిన్న సర్వీసు వాళ్లకి ఈ వెతుకుడు లోపం గురించి ఉదాహరణలతో మెయిల్ రాస్తే పది రోజుల్లో సరిచేశారు. ఇదే లోపం ఒక పెద్ద సర్వీసుకి ఎన్నిసార్లు రాశానో, ఇప్పటికీ అలాగే ఉంది.

చుక్కలదారి · ఆదివారం, ఉదయం 11:18

అక్షరపిట్ట గారూ, మీరు చెప్పిన పరీక్ష ఇప్పుడే చేశాను. ముగ్గురి సర్వీసులో 'నక్షత్ర' అంటే అన్నీ వచ్చాయి. పెట్టుబడి ఉన్నదాన్లో మొత్తం పదం అచ్చంగా అలాగే కొడితే తప్ప రావడం లేదు.

ఇంకో అనుమానం. ఆ పెట్టుబడి ఉన్న సర్వీసు వాళ్లు 'ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్' అని పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు. ముగ్గురి సర్వీసులో అది లేదు. ఇది ఎంత ముఖ్యం?

తెరవెనుక · ఆదివారం, మధ్యాహ్నం 1:05

మంచి ప్రశ్న. ఎండ్-టు-ఎండ్ అంటే పంపినవాళ్ల పరికరంలో సందేశానికి తాళం పడి, అందుకున్నవాళ్ల పరికరంలోనే తెరుచుకోవాలి, మధ్యలో సర్వర్‌కి ఏమీ తెలియకూడదు. వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో సిగ్నల్ అనే చాట్ యాప్ వాళ్ల పద్ధతితో అందరికీ ఇది పెట్టింది.

బ్రౌజర్‌లో ఒక చిక్కుంది. యాప్‌ను ఒకసారి దించుకుంటే అది మీ ఫోన్లో ఉంటుంది. వెబ్ పేజీ అలా కాదు, తెరిచిన ప్రతిసారీ తాళం వేసే ప్రోగ్రామ్ వాళ్ల సర్వర్ నుంచే కొత్తగా వస్తుంది. తాళంచెవి మీ దగ్గరున్నా, తాళం రోజూ వాళ్లే బిగించి ఇస్తున్నట్టు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్ల సర్వర్‌లోకి ఎవరైనా దూరితే ఒక్క మీకు మాత్రం వేరే ప్రోగ్రామ్ పంపగలరు, మీకు తెలియదు. వాట్సాప్ వెబ్ కోసం 2022లో ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ విడుదల చేశారు, నాకు వచ్చిన ప్రోగ్రామ్ అందరికీ వచ్చిందేనా అని సరిచూడ్డానికే. అంత పెద్ద కంపెనీ అంత శ్రమ పడిందంటే, ఒక కొత్త సర్వీసు 'బ్రౌజర్‌లో పూర్తి భద్రత' అని రాసుకున్నప్పుడు మనం రెండో ప్రశ్న వెయ్యాల్సిందే.

రెండో ప్రశ్న ఏమిటంటే, పరికరం పోతే పాత సందేశాలు ఎలా వస్తాయి? 'మా సర్వర్ నుంచి మామూలుగా వచ్చేస్తాయి' అంటే తాళంచెవి వాళ్ల దగ్గర కూడా ఉందన్నమాట. 'మీరు దాచుకున్న రికవరీ కోడ్ కావాలి' అంటే మాట నిజమై ఉండొచ్చు, కానీ మీ 43 మందిలో ఎంతమంది ఆ కోడ్ దాచుకుంటారు?

మీరు మాట్లాడుకునేది ఆకాశం గురించి. నా అభిప్రాయంలో మీ గుంపుకి ఎండ్-టు-ఎండ్ కన్నా సరైన ఎక్స్‌పోర్ట్ ముఖ్యం. ప్రాణభయం ఉన్న మాటలు, ఆరోగ్యం సంగతులు, డబ్బు సంగతులు మాట్లాడుకునే గుంపయితే నేను ఇంకోలా చెప్పేవాణ్ణి. అలాంటివాళ్లని నేరుగా సిగ్నల్‌కి పంపిస్తాను. అదీ చిన్న బృందంతో మొదలైనదే. దాన్ని లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. 2018లో ఆ సంస్థ పెట్టినప్పుడు వాట్సాప్ స్థాపకుల్లో ఒకరైన బ్రయాన్ యాక్టన్ 5 కోట్ల డాలర్లు ఇచ్చారు.

కిటికీ · ఆదివారం, సాయంత్రం 5:20

ఎవరి దయా లేకుండా సొంతంగా నడుపుకునే దారి ఉండగా ఇదంతా ఎందుకండీ? మ్యాట్రిక్స్ ఉంది, 2014 నుంచి. ఎక్స్ఎంపీపీ ఉంది, జాబర్ పేరుతో 1999లోనే వచ్చింది. మాస్టోడాన్ 2016లో వచ్చింది, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అది వాడే యాక్టివిటీపబ్ పద్ధతి 2018లో డబ్ల్యూ3సీ అనే వెబ్ ప్రమాణాల సంస్థ ప్రమాణం కూడా అయింది. మెయిల్‌లా అన్నమాట. నా సర్వర్ నాది, మీ సర్వర్ మీది, అయినా మాట్లాడుకోవచ్చు. నేను ఇద్దరు స్నేహితులతో కలిసి మ్యాట్రిక్స్ సర్వర్ నడుపుతున్నాను. కంపెనీ మూసేస్తుందన్న బెంగ లేదు.

ఉడతసాయం · ఆదివారం, సాయంత్రం 6:48

కిటికీ గారూ, మీ పని మీద నాకు గౌరవం ఉంది, నాకూ ఆ దారే ఇష్టం. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీకు జ్వరం వచ్చి వారం మంచాన పడితే ఆ సర్వర్ సంగతి ఎవరు చూస్తారు?

కిటికీ · ఆదివారం, సాయంత్రం 7:30

నిజం చెప్పాలంటే పోయినేడాది అదే జరిగింది. డిస్క్ నిండిపోయి నాలుగు రోజులు ఆగిపోయింది. మ్యాట్రిక్స్‌లో గదుల చరిత్ర, ఫోటోలు చాలా చోటు తింటాయి. ఆ తర్వాతే మిగతా ఇద్దరికీ పాస్‌వర్డ్‌లు ఇచ్చి, అన్నీ కాగితం మీద రాసిపెట్టాను. మీ ప్రశ్న సరైనదే. ఒక్కరే ఉంటే సొంత సర్వర్ వద్దు, ఇంకో ఇద్దరైనా తోడుండాలి.

పాతకాపు · ఆదివారం, రాత్రి 8:15

ప్రమాణం ఒక్కటే కాపాడదని కూడా గుర్తుంచుకోవాలి. గూగుల్ టాక్ 2005లో ఎక్స్ఎంపీపీ మీదే వచ్చింది, వేరే సర్వర్లవాళ్లతో మాట్లాడుకోగలిగాం. తర్వాత దాని బదులు గూగుల్‌దే హ్యాంగౌట్స్ వచ్చాక ఆ తలుపు మూసుకుంది. మన సర్వర్ బతికే ఉన్నా, అవతలివైపు స్నేహితులందరూ ఒక్కసారిగా మాయమయ్యారు.

నిదానం · ఆదివారం, రాత్రి 9:05

డబ్బు కట్టి వాడితే? ఉచితమైనది కదా మూతపడేది. మనమే తలా కాస్త వేసుకుంటే వాళ్లూ బతుకుతారు, అమ్ముకోవాల్సిన అవసరమూ ఉండదు.

పాతకాపు · ఆదివారం, రాత్రి 9:50

నేనూ అలాగే నమ్మి 2012లో యాప్ డాట్ నెట్‌లో చేరాను. ప్రకటనలు ఉండవు, ఏడాదికి 50 డాలర్లు. మాటల నాణ్యత చాలా బాగుండేది. కానీ డబ్బు కట్టాలంటే స్నేహితులు రారు, స్నేహితులు లేకపోతే కట్టినవాళ్లు రెండో ఏడు కట్టరు. 2017లో మూసేశారు. కోహోస్ట్ అని 2022లో ఒక చిన్న బృందం ప్రకటనలు లేకుండా, చందాలతో నడపాలని మొదలుపెట్టింది. 2024 అక్టోబర్ నుంచి అక్కడ కొత్తగా రాయడం ఆపేశారు.

తేడా ఎక్కడుందంటే, అవి ఊరంతా రావాల్సిన చోట్లు. చుక్కలదారి గారిది 43 మంది గుంపు. లోకమంతా రానక్కర్లేదు, ఆ 43 మంది వస్తే చాలు. ఇలాంటి గుంపులు డబ్బు కట్టి నిలబెట్టే సర్వీసుకి ఆశ ఉంది. స్లాక్ అలాగే కదా నిలబడింది! గ్లిచ్ అనే ఆట నడవక 2012లో మూసేసిన బృందం, తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న పనిముట్టే 2013లో స్లాక్‌గా బయటపెట్టింది. అక్కడ లోకమంతా రావాల్సిన పని లేదు, ఒక్కో జట్టు వస్తే చాలు.

ఉడతసాయం · ఆదివారం, రాత్రి 10:30

చుక్కలదారి గారూ, నేనయితే రేపే ఆ రెండు కంపెనీలకూ మెయిల్ రాస్తాను. మూసేయాల్సి వస్తే ఎన్నాళ్ల ముందు చెబుతారు, ఎక్స్‌పోర్ట్‌లో ఫోటోలు ఫోటోలుగానే వస్తాయా, కంపెనీని ఎవరైనా కొంటే మా సందేశాలు వాళ్లకి చేరే ముందు మమ్మల్ని అడుగుతారా, రాత్రి ఫిర్యాదు ఎవరు చూస్తారు. ఇంతే. ఎవరు జవాబిచ్చారో, ఎన్ని రోజులకి ఇచ్చారో కూడా చూడండి. తర్వాత పదిమందితో రెండు వారాలు వాడి, ఎక్స్‌పోర్ట్ దించి, ఇంటర్నెట్ ఆపేసిన కంప్యూటర్‌లో తెరవండి. ఫోటోలు అప్పుడు కూడా కనిపిస్తేనే మిగతావాళ్లని పిలవండి. ఇంటర్నెట్ ఆపడం మర్చిపోకండి. ఆన్‌లో ఉంటే లింకులు పనిచేసి, అంతా ఉన్నట్టే కనిపిస్తుంది. మీరు మోసపోయింది అక్కడే.

చుక్కలదారి · నాలుగు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత ఉంది.

ఇద్దరికీ మెయిల్ రాశాను. ముగ్గురి సర్వీసు నుంచి రెండో రోజుకి జవాబొచ్చింది, వాళ్లలో ఒకరే కూర్చుని రాసినట్టు తెలుస్తోంది. మూసేయాల్సి వస్తే 90 రోజుల ముందు చెబుతామన్నారు. ఫోటోలు ఎక్స్‌పోర్ట్‌లో కలిసే వస్తాయన్నారు. రాత్రి ఫిర్యాదుల గురించి దాచకుండా చెప్పారు, 'వారానికి ఒకరు చొప్పున వంతు వేసుకున్నాం, తెల్లవారుజామున మాత్రం ఆలస్యం కావచ్చు' అని. అమ్మకం గురించి 'మాట ఇవ్వలేం, కానీ అలాంటిది జరిగితే ముందు మీకు చెరిపేసుకునే అవకాశం ఇస్తాం' అన్నారు. ఆ 'మాట ఇవ్వలేం' అన్నది చదివాకే నాకు నమ్మకం కలిగింది. రెండోవాళ్ల నుంచి మీ అభ్యర్థన అందింది అని ఒక యంత్రం జవాబు, ఆ తర్వాత ఏమీ లేదు.

పదకొండు మందిమి రెండు వారాలు వాడాం. ఎక్స్‌పోర్ట్ దించి, వైఫై ఆపి తెరిచాను. ఫోటోలున్నాయి. ఒక వీడియో మాత్రం రాలేదు, వాళ్లకి చెప్పాను, సరిచేసి మళ్లీ పంపారు. అప్పుడు అందరినీ పిలిచాను. 43 మందిలో ఇప్పటికి 31 మంది వచ్చారు. ఐఫోన్ వాళ్లు తొమ్మిది మందికి ఫోన్ చేసి, హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోవడం ఒక్కొక్కరికీ చెప్పాను. మిగిలిన పన్నెండు మందిలో ఐదుగురు రానన్నారు, ఏడుగురు పలకలేదు. నిదానం గారు చెప్పిన 'రేపు' వీళ్లదే అనుకుంటున్నాను. వారానికోసారి గుంపులో జరిగిందంతా కలిపి ఆ ఏడుగురికీ మెయిల్ పంపడం మొదలుపెట్టాను. నిన్న ఒకాయన దానికి జవాబు రాశారు.

మీరా గమనించే ఆవిడ కూడా వచ్చారు. గ్రాఫులు పోయినా ఆవిడ దగ్గర చేతిరాత నోటుపుస్తకాలు ఉన్నాయట. తేదీ, సమయం, ఎంత వెలుగు, పోల్చిన నక్షత్రం, అన్నీ మళ్లీ ఎక్కిస్తున్నారు. ఈసారి బొమ్మలుగా కాదు, అంకెలుగా. ఇప్పటికి మొదటి ఏడాదిది పూర్తయింది.

తెరవెనుక · శనివారం, రాత్రి 9:12

చాలా సంతోషం. ఆ అంకెల నుంచి గ్రాఫ్ గీసే చిన్న ప్రోగ్రామ్ నేను రాసిస్తాను, ఆవిడకి అభ్యంతరం లేకపోతే. తేదీ, వెలుగు రెండు నిలువు వరసల్లో ఉంటే చాలు.

పాతకాపు · శనివారం, రాత్రి 9:35

చుక్కలదారి గారూ, ఆవిడకి ఇంకొక మాట చెప్పండి. వెలుగు మారే నక్షత్రాలను గమనించేవాళ్ల కోసం ఏఏవీఎస్ఓ అనే సంఘం అమెరికాలో 1911 నుంచి ఉంది. ఏ దేశంవాళ్లు కంటితో చూసి రాసినవైనా తీసుకుని భద్రపరుస్తారు, పరిశోధకులు వాడుకుంటారు. కబుర్లు మీ కొత్త గదిలో చెప్పుకోండి. ఆ మూడేళ్ల అంకెలు మాత్రం అక్కడికి కూడా పంపించమనండి.

చుక్కలదారి · శనివారం, రాత్రి 10:20

ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. పోల్చిన నక్షత్రాల పేర్లు వాళ్ల పటం ప్రకారం మార్చుకోవాలేమో చూస్తానన్నారు. తెరవెనుక గారూ, మొదటి ఏడాది ఫైల్ మీకు పంపమన్నారు, పంపుతున్నాను.